చెవి ఆన్చాను

తొల్మిన్‌లో వాన, ఎప్పట్లాగే.
తేనెటీగల సంఘం ఆఫీసులో హీటర్ పక్కన
పోయిన శరత్తులో కాలం చేసిన సిరిల్
నలభై ఏళ్లు రాసిన పదకొండు నోటుబుక్కులు.
మూడు వారాలు కూర్చుని స్కాన్ చేశాను.
కొన్ని పేజీలకి ఇంకా మైనం అంటుకునే ఉంది.

"ఇందులోంచి చిన్న చిన్న పోస్టులు కావాలి, డరింకా,
నలభై మాటలు దాటొద్దు,
జనానికి ఓపిక లేదు" అన్నాడు అధ్యక్షుడు హుమర్.
ఆయనకీ లేదు. చివరి మాట అంటూనే ఫోన్ ఎత్తాడు.

యంత్రం అంటున్నాను, ఇంకో మాట దొరక్క.
నలభై ఏళ్ల రాతని దాని నోట్లో పోశాను.
కాఫీలో చక్కెర కలిపేలోగా
మొదటి విడత వంద పోస్టులు వరసగా నిలబడ్డాయి,
స్కూలు ఫొటోకి తల దువ్వించుకొచ్చిన పిల్లల్లా.

బాగానే ఉన్నాయి. అబద్ధమెందుకు.
"చలికాలంలో తేనెటీగలకి ఐదు జాగ్రత్తలు."
"లిండెన్ పూత మొదలైందా? ఇది చదవండి!"
కొండంతని గోరంత చేయడం పాపమేం కాదు.
తేనెటీగ చేసేదీ అదే కదా,
నీళ్లనీళ్లగా తెచ్చిన పూలరసాన్ని
రాత్రంతా రెక్కలతో విసిరి విసిరి
చిక్కబరుస్తుంది.
నీళ్లు పోతాయి, తేనె మిగులుతుంది.

మరి ఇక్కడ ఆవిరైందేమిటా అని
ఒక సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.
భార్య మార్తాకి దగ్గు తగ్గలేదన్న ముక్క.
పక్కింటి వాడు బాకీపడ్డ రెండు మైనపు రేకులు.
"ఈరోజు ఏమీ చేయలేదు. చూస్తూ కూర్చున్నాను."
ఇది అరవై సార్లు ఉంది.
నీళ్లే కావచ్చు.

ఇరవై ఏడో పోస్టు దగ్గర ఆగాను.
"సిరిల్ తాతయ్య రోజూ పొద్దున్నే
ఒక చెంచా తేనెతో మొదలుపెట్టేవారు!"
పక్కన బంగారు రంగు సీసా బొమ్మ.
నవ్వొచ్చింది, ఒక్కదాన్నే, గట్టిగా.

సిరిల్‌కి షుగరు.
ముప్పై నాలుగో ఏట పట్టుకుంది.
తన తేనె ఎలా ఉందో
కొన్నవాళ్ల మొహాలు చూసి తెలుసుకునేవాడు.
నాలుగో పుస్తకంలో ఉంది కూడా:
"పోస్టుమాస్టర్ కూతురు కళ్లు మూసుకుంది.
ఈ ఏడు బాగుంది."
అది మాత్రం ఏ పోస్టులోనూ లేదు.

క్లుప్తత తెలియని మనిషి కాదు.
మా వైపు పెట్టెల ముందు చెక్కలకి బొమ్మలేస్తారు,
జానెడు చెక్కమీద కథంతా:
వేటగాణ్ణి పాడెమీద మోసుకెళ్తున్న కుందేళ్లు,
నాలుక సాన పట్టించుకుంటున్న గయ్యాళి.
ఏ ఇల్లు ఎవరిదో ఈగలకి తెలియడానికట.
సిరిల్ ఒకదానికి ఒట్టి నీలం పూసి వదిలేశాడు.
ఎందుకని అడిగితే, "వాటికి చాలు."

తొమ్మిదో పుస్తకం. ఫిబ్రవరి పదకొండు.
మంచు. మార్తా పోయిన ఏడాది.
"పెట్టెకి చెవి ఆన్చాను. ఉన్నాయి."
అంతే.

ఇంకా చిన్నది చెయ్యమన్నాను, పంతానికి.
యంత్రం దాన్ని పెంచింది:
"గడ్డకట్టే చలిలోనూ ఆశ గుసగుసలాడుతుంది..."
మూడు హృదయాలు, ఒక మంచు రేకు,
"మీ జీవితంలో ఆశ ఏది? కింద చెప్పండి!"
ఇంకా చిన్నది, అన్నాను.
ఆశ మిగిలింది, చెవి పోయింది.

చెంచా తేనె పోస్టు తీసేశాను.
మిగతావి రోజుకొకటి వెళ్తున్నాయి,
లైకులు బాగా వస్తున్నాయి, హుమర్ సంతోషించాడు.

ఆ నాలుగు మాటలూ నేనే పెట్టాను,
బొమ్మ లేకుండా, ఉన్నవి ఉన్నట్టు.
పదమూడు లైకులు.
బొవెట్స్ నుంచి ఎవరో ఒకావిడ రాసింది:
"నేనూ ఆన్చాను. మావి లేవు."

దానికేం జవాబివ్వాలో
యంత్రాన్ని అడగలేదు.
కోటు తొడుక్కున్నాను.
బొవెట్స్ బస్సు ఐదుంబావుకి.